తొంభై ఐదో నంబరు తరగతి

టొలీడో,
జూన్ 4.

అమ్మకు,

డార్లీన్ ముద్దులతో రాసేది. ఇక్కడ నేనూ, నా బస్సూ, నా మోకాలి నొప్పీ ముగ్గురం క్షేమం. నీ చెవి మిషను బాగుచేయించుకున్నావా?

ముందు మంచి కబురు. యూనివర్సిటీ నన్ను నేరుగా డిగ్రీ మూడో ఏట్లో చేర్చుకుంటోంది. ఈ రెండేళ్ల కోర్సుల కాలేజీలో తరగతికిన్నని సంపాదించిన అరవై క్రెడిట్లూ ఒక్కటీ పోకుండా ఒప్పుకున్నారు. ఆగి ఉన్న స్కూలు బస్సులో ఆ ఉత్తరం చదివి, స్టీరింగు మీద తలపెట్టి ఏడ్చాను. హారను మోగింది.

"చరిత్ర, తత్వశాస్త్రం చదివితే ఉద్యోగం ఎవడిస్తాడే?" అని అడిగావు. డాక్టరు కొడుకు తత్వశాస్త్రం చదివితే ఎవరైనా అడుగుతారా ఆ మాట? బస్సు తోలేదానికి మాత్రం చదువంటే స్పానరులా దేనికో పనికొచ్చి తీరాలా? నాకూ తల ఉందమ్మా. సరే, అరవను.

నాలుగు టర్ముల చదువు ఆరెందుకయిందన్నావు. మాస్టారికి జబ్బు చేసిందని రాశాను కదా, అది అబద్ధం. లెక్కల్లో నేను చదివింది తొంభై ఐదో నంబరు తరగతి. ఎన్ని మార్కులొచ్చినా, వందలోపు నంబరైతే అది పునాది తరగతేనట, యూనివర్సిటీ దాన్ని క్రెడిట్ల లెక్కలోకి తీసుకోదట! ఇదెక్కడి న్యాయమని డీనుకి ఆరు పేజీలు రాసి పట్టుకెళ్లాను. ముందు కోర్సుల సలహాలు చెప్పే ప్రూట్ గారికి చూపిస్తే, ఆవిడ అంతా చదివి, "నీ వాదన నిజమే డార్లీన్. లెక్కలు మాత్రం ఇంకా మిగిలే ఉన్నాయి. స్టాటిస్టిక్స్‌లో చేరు" అన్నారు.

చేరాను. రెండు వారాలకే భయపడి మానేశాను. నీకు చెప్పలేదు. తరగతి వేళకి కాలేజీ పార్కింగులో ఊరికే కూర్చునేదాన్ని. నువ్వేమో ప్రతి ఉత్తరంలో "ఈ వారం ఏం చెప్పారే?" అని అడిగేదానివి. ఏదో ఒకటి రాయాలిగా! పుస్తకం తెరిచి, చదివి, తరగతిలో విన్నట్టు రాసేదాన్ని. సగటు గురించి రాస్తే నువ్వేమన్నావో గుర్తుందా? "సగటు కూలి పెరిగిందంటే, మా టమాటా ఫ్యాక్టరీ ఓనరునీ మాలో కలిపేశారన్నమాట. వాణ్ణి పక్కన నిలబెట్టి లెక్కెయ్యమను."

పద్నాలుగు ఉత్తరాల అబద్ధాలకి పుస్తకం పూర్తయింది. తర్వాతి టర్ములో మళ్లీ చేరాను. పరీక్షలో అడిగారు: సగటు ఎప్పుడు మోసం చేస్తుంది? నీ జవాబే రాశాను. మాస్టారు పూర్తి మార్కులిచ్చి, పక్కన ఎర్రసిరాతో "ఎవరీ ఓనరు?" అని రాశాడు.

తిట్టాలనుంటే తిట్టు. ఉత్తరంలో "ఈ వారం ఏం చెప్పారే?" అని అడగడం మాత్రం మానకు. ఈసారి తరగతిలో కూర్చుని, విన్నదే రాస్తాను.

ఇట్లు,
నీ పెద్దకూతురు
డార్లీన్