కోతి విసిరే మామిడికాయలు

ఆదోని,
12-10-1986, ఆదివారం.

చిరంజీవి ఖాదర్ వలికి అమ్మ దీవెనలు. అల్లా దయతో ఈడ మేమంతా బాగుండాము. ఆ కువైట్ ఎండలో నువ్వు కూడా వేళకింత తిని, కంటినిండా నిద్రపోతాండావని తలుస్తాను. నీ జాబు మొన్న శుక్రవారం అందింది. రెండుసార్లు చదివినాను.

నువ్వు అడిగినవి ముందు చెప్తాను. వానలు ఆలస్యంగా పడినా ఈసారి పత్తి మోసం చెయ్యలేదు. మార్కెట్ యార్డు ముందర బండ్లు బారులు తీరినాయి. ఆరేసిన బట్టల మీదంతా దూదే. మీ అక్క హమీదా ఎమ్మిగనూరులో బాగుంది. మీ బావ మగ్గం మీద కొత్త రకం దుప్పట్లు నేస్తాండాడు, నీకొకటి తీసిపెట్టినాడంట. పక్కింటి లక్ష్మక్క బర్రె ఈనింది. జున్ను పంపిస్తే నువ్వే గుర్తొచ్చినావు. మీ నాయన నా జాబు కింద రెండు మాటలైనా ఎందుకు రాయడం లేదని అడిగినావు. దానికి కూడా జవాబు రాస్తాను, కొంచెం ఓపిక పట్టు. ముందు గేము సంగతి చెప్పనీ.

"నేను పంపిన వీడియో గేము ఖాతూన్‌కు నచ్చిందా?" అని రాసినావు. నచ్చింది నాయనా. కానీ ఆ పిల్ల చేతికి దొరికితే కదా! నువ్వు మేనకోడలికని పంపినది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఏప్రిల్‌లో కువైట్ నుంచి వచ్చిన నీ దోస్తు తెచ్చిచ్చినప్పుడు, ఎమ్మిగనూరు పోయే దినం ఇద్దామని ట్రంకుపెట్టెలో పెట్టినాను. మరుసటి దినం, అసలు ఇదేందో చూద్దామని బయటికి తీసినాను. ఇంగ మళ్ళా పెట్టెలోకి పోలేదు. ఎండాకాలం సెలవులకు ఖాతూన్ వచ్చి పది దినాలు ఉండింది. ఇద్దరమూ "నా వంతు, నా వంతు" అని కొట్లాడుకున్నాము. పోయేటప్పుడు ఆ ఏడేండ్ల పిల్ల "నువ్వే ఉంచుకో అవ్వా, సంక్రాంతికి వచ్చి ఆడుకుంటాలే" అనింది. సిగ్గేసింది గానీ, వద్దని మాత్రం అనలేదు.

నువ్వు పంపినావే గానీ ఆడి చూసినావో లేదో. సబ్బుపెట్టె అంత ఉంటుంది. అద్దం వెనకాల నల్లటి బొమ్మలు. మిద్దె మీద కూర్చొని కోతి మామిడికాయలు విసురుతుంది. కింద ఒక మనిషి బుట్ట పట్టుకొని ఉరకాల. ఎడమ బొటనవేలితో నొక్కితే ఎడమకు, కుడి బొటనవేలితో నొక్కితే కుడికి. మూడు కాయలు నేలపాలైతే ఆట అయిపోయినట్టే. ఇంత చిన్నదాంట్లో ఏముందని యాభై ఏండ్ల ఆడది పొయ్యి మీద చారు పొంగిపోయేదాకా ఆడుతుంది? ఆరు నెలలుగా నేనూ అదే ఆలోచిస్తాండాను. నాకు తోచింది రాస్తాను. నీ రూములో వాళ్ళకు చదివి వినిపించు. నవ్వితే నవ్వనీ.

మంచి గేము ఎట్లుండాలంటే, చూడగానే అర్థం కావాల, చేతికి లొంగడానికి మాత్రం నెలలు పట్టాల. గడియారాల అంగడి జయన్న తెలుసు కదా, గేములోకి చొక్కా గుండీ అంత బ్యాటరీ ఆయనే బళ్ళారి నుంచి తెప్పిస్తాడు. ఆయన కాడికి ఎవరిదో ఇంకో గేము రిపేరుకు వస్తే నా చేతికిచ్చినాడు, పడవ గేము. ఆరు బటన్లు! ఏది నొక్కితే ఏమవుతుందో తెలిసేలోపల పడవ మునిగిపాయ. ఎందుకు మునిగిందో జయన్నకూ తెలీదు. ఆయప్పకు తిరిగి ఇచ్చేసినాను. ఓడిపోతే నాకు కోపం లేదు వలీ, ఎందుకు ఓడినానో తెలియకపోతేనే కోపం. గవ్వలాట కూడా అంతే. గవ్వ తిరగబడితే గెలిచినట్టు, లేకుంటే లేదు. దాంట్లో నా గొప్ప ఏముంది?

ఇంకోటి. నూరు కాయలు పట్టేసరికి చేతులు వణికేంత జోరుగా పోతాది. నూరు దాటగానే కాసేపు మెల్లగవుతుంది, ఊపిరి పీల్చుకోమన్నట్టు. ఆ పైన మళ్ళా మొదలు. ఏ దేశంలో ఎవరు చేసినారో గానీ, మనిషి గుండె తెలిసినోళ్ళు చేసినారు. శబ్దం కూడా ఉండాల. కాయ బుట్టలో పడితే "టిక్", నేల మీద పడితే "టప్". చెవులు పోతాండాయని హమీదా ఆ శబ్దం ఆపేయమనింది. పోపు చిటపటలాడకుండా కూర చేస్తామా?

అన్నిటికంటే ముఖ్యం, పక్కన ఒకరు కూర్చొని చూడాల. ఒక్కదాన్నే ఆడితే అది ఉత్త డబ్బా. ఆ ఒకరు ఎవరో చెప్పాలంటే, దాచినదంతా చెప్పాల. నిలబడి చదువుతాంటే కూర్చో నాయనా.

శివరాత్రికి పది దినాల ముందు, పత్తి మిల్లులో మీ నాయన కుడి చెయ్యి గింజలు తీసే జిన్ను మిషను రోలర్లలో పడింది. ఎవరి తప్పూ కాదు. పత్తి చిక్కుకుంటే మిషను ఆపకుండానే లాగబోయినాడు, ఇరవై ఏండ్లుగా లాగినట్టే. నాలుగు వేళ్ళు పోయినాయి. బొటనవేలు ఒక్కటి మిగిలింది. కర్నూలు పెద్దాసుపత్రిలో మూడు వారాలు ఉన్నాము. "వలికి రాస్తే నా మీద ఒట్టే" అన్నాడు. నువ్వు పోయి అప్పటికి నాలుగు నెలలే. అన్నీ వదిలేసి వచ్చేస్తావని ఆయన భయం. నా భయం కూడా అదే.

ఇంటికొచ్చినాక మీ నాయన మీ నాయనగా లేడు. చెయ్యికి తువ్వాల చుట్టుకొని మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. చూడ్డానికి వచ్చినోళ్ళంతా "అయ్యో ఖాసిం సాబూ, ఎంత పని జరిగె!" అనేవాళ్ళు. మిల్లు మేస్త్రీ సుంకప్ప వచ్చి, "అన్నా, గేటు కాడ కుర్చీ ఏస్తాము, ఊరికే కూసో" అన్నాడు. పాపం, మంచికే అన్నాడు. ఆ దినం మీ నాయన అన్నం ముట్టలేదు. నాతో కూడా తల ఊపడమే గానీ మాట లేదు. ఆ గోసలోనే నీ గేము వచ్చింది.

మధ్యాన్నం పని అయిపోయినాక ఆయన మంచం పక్కనే గడప కాడ కూర్చొని ఆడేదాన్ని. ఇరవై కాయలు దాటడం నా వల్ల కాలేదు. ఒక దినం మూడో కాయ పడబోతాంటే వెనక నుంచి గట్టిగా కేక.

"ఎడమకు పోవే! కోతి తల యాడికి తిప్పుతాందో సూడవా?"

ఉలిక్కిపడి తిరిగి చూసినాను. మంచం మీద లేచి కూర్చొని ఉండాడు.

"కోతి తల తిప్పుతుందా?" అన్నాను.

"కాయ ఇసిరే ముందర తిప్పుతాది. పది దినాల నుంచి సూస్తాండా. నీకు కండ్లు లేవా?"

అంటే గోడవైపు తిరిగి పడుకున్నాడని నేను అనుకున్న దినాలన్నీ నా భుజం మీది నుంచి ఆట చూస్తాండాడన్నమాట! గేము ఆయన ఒళ్ళో పెట్టి, లోపలికి పోయి గిన్నెలు తోమడం మొదలుపెట్టినాను. శానాసేపు ఏ శబ్దమూ లేదు. తర్వాత "టిక్". మళ్ళా "టిక్". తలుపు సందులో నుంచి చూస్తే గేమును తొడ మీద ఆనించి ఎడమచేత్తో పట్టుకున్నాడు. తువ్వాల కింద పడి ఉంది. కుడి బొటనవేలు బటను మీద ఉంది.

ఆ గేముకు బొటనవేళ్ళు రెండూ చాలు వలీ. మిగతా వేళ్ళు యాడబోయినాయని అది అడగదు. అయ్యో అనదు. కాయ పడితే పడిందని చెప్తుంది, పట్టుకుంటే పట్టినావని చెప్తుంది. మనుషులం మాకు ఆ మాత్రం చేతకాలేదు.

నాకూ చేతకాలేదు. ఒక దినం ఆయన ఎనభై కొట్టినాడు. నేను డెబ్భై దాటినాక, ఆయన సంతోషపడతాడని మూడు కాయలు కావాలనే వదిలేసినాను. ఆయన నా ముఖం చూసి, "నువ్వు కూడానా జొహరా?" అని గేము మంచం మీద పెట్టి బయటికి పోయినాడు. సాయంత్రం మగ్రిబ్ నమాజు అయినాక వచ్చినాడు. "తప్పైపోయింది, ఇంగెప్పుడూ చెయ్యను" అన్నాను. ఆ దినం నుంచి నిజంగానే ఆడతాండాము. నాది నాలుగువందల పన్నెండు, ఆయనది మూడువందల ఎనభై ఏడు. దానికి నా మీద శానా కోపంగా ఉండాడు. ఆ కోపం చూస్తే నాకెంత ముద్దొస్తుందో, కొడుకువు నీకెట్లా రాసేది?

మిల్లు సీజను మొదలైంది. పోయిన సోమవారం ఎడమచేత్తో ఒక్కొక్క గుండీ పెట్టుకొని, నన్ను ముట్టనీయకుండా చొక్కా తొడుక్కున్నాడు. ఆయనే మిల్లుకు పోయినాడు.

"సుంకప్పా, కుర్చీ వద్దు. కొత్తగా వచ్చినోళ్ళ పక్కన నిలబడతా. మిషను ఎప్పుడు చేతిని గుంజుతాదో వాళ్ళకు తెలీదు, నాకు తెలుసు" అన్నాడంట. సుంకప్ప సేటును అడిగి సరేనన్నాడు.

గురువారం నేను క్యారియర్ తీసుకొని పోయినాను. రోలర్ల ముందర కొత్త కూలి ఆడోళ్ళు ఇద్దరు నిలబడినారు. మీ నాయన తన కుడి చెయ్యి వాళ్ళ ముఖాల ముందర ఎత్తి పట్టుకున్నాడు.

"బాగా సూడండమ్మా. పత్తి సిక్కితే ముందు బెల్టు ఆపాల. ఆ పైనే సెయ్యి పెట్టాల. మర్సిపోతే ఇట్లయితాది."

మొదట్లో కట్టుకున్న నాకు కూడా చూపించకుండా తువ్వాల్లో దాచిన చెయ్యి అది. నేను క్యారియర్ పట్టుకొని వాకిట్లోనే నిలబడిపోయినాను.

మరుసటి దినం నీ జాబు వచ్చింది. ఆయనే చదివి మడిచి నా చేతికిచ్చి, "రాయి. దాచింది చాలు" అన్నాడు.

నన్ను తిట్టాలంటే తిట్టు, పడతాను. కానీ ఉద్యోగం వదిలేసి ఉరుక్కుంటూ రావద్దు. ఈడ మునిగిపోయేది ఇప్పుడేమీ లేదు. సెలవు దొరికినప్పుడే రా. స్టేషన్‌కు మీ నాయనే వస్తాడు. రైలు దిగగానే నీ ముందుకు ఆ చెయ్యే చాపుతాడు, ఆయన సంగతి నాకు తెలుసు. చూపు పక్కకు తిప్పుకోవద్దు. పట్టుకో నాయనా. గట్టిగానే పట్టుకో, ఇప్పుడు నొప్పి లేదంట.

ఇట్లు,
నిన్ను కండ్లారా చూడాలనుకుంటాండే
మీ అమ్మ
జొహరాబీ