ఏసురత్నం అన్న కళ్ళజోడు

బుధవారం, నెల్లూరు

తప్పు నా ప్రోగ్రాంలోనే ఉంది. ఈ ఒక్క మాట ఇక్కడ రాయడానికే ఇంతసేపు పట్టింది.

మైపాడు రొయ్యల గుంటల దగ్గర ఏసురత్నం అన్న రోజూ నీళ్ళలో ఆక్సిజన్ చూసి, ఆ అంకెలు ఫోన్‌లో కొట్టి పంపుతాడు. మా ఆఫీసు సర్వర్‌లో అవి తప్పుగా పడుతున్నాయి. నెల రోజులుగా ఆయన్నే అన్నాను, కళ్ళు సరిగ్గా కనబడడం లేదా అని. పోయిన వారం అందరి ముందూ నిలబెట్టి, ఒక్కో అంకె పైకి చదివించి మరీ కొట్టించాను.

"సరిగ్గానే కొట్టినా సార్," అంటూ నోటుబుక్కు చూపించబోయాడు. చేత్తో ఆపేశాను.

నిన్న ఆయన సెలవు పెడితే, గట్టు మీద కూర్చుని నేనే కొట్టాను. నావీ తప్పుగానే పడ్డాయి. అక్కడ సిగ్నల్ తక్కువ, పంపింది రెండు ముక్కలుగా వస్తోంది. నా ప్రోగ్రాం మొదటి ముక్కనే మొత్తం అనుకుని, మిగిలినదాన్ని తర్వాతి గుంట అంకెలకు అతికిస్తోంది. నేను పరీక్షించిందంతా ఆఫీసు వైఫైలో. అక్కడ ఎప్పుడూ ముక్కలు కాలేదు.

రాత్రికి రాత్రే సరిచేశాను. ఎవరికీ చెప్పలేదు.

ఈ సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు.

"సార్, మీరు అన్నారని నిన్న టౌనుకు పోయి కళ్ళజోడు చేయించుకున్నా. ఈరోజు ఒక్క తప్పు గూడా పడలేదంట. నా కళ్ళదే తప్పు సార్, ఏమీ అనుకోబాకండి."

"పర్లేదులే అన్నా," అన్నాను.