సంతోషి ఎత్తిన పాఠం

అమ్మా,

నాచారం నుంచి నీ చిన్నబిడ్డ రాస్తున్నది. పిల్లలు, నీ అల్లుడు, నేను బాగున్నాం. నీ మోకాళ్లు కూడా నీ మాట వింటున్నాయని తలుస్తాను.

నువ్వు రాయించి పంపిన చీటీ అందింది. ఫోన్ ఎందుకు ఎత్తవు, చెంగిచెర్ల ఏమన్నా ఢిల్లీయా, ఆదివారమన్నా రావేంది అని బాగానే కడిగిపారేశావు. చెబుతాను, కాస్త ఓపిక పట్టు. ముందు ఆ చీటీ రాసిన పిల్ల సంగతి విను.

మన వీధి మొగిలయ్య మనవరాలు సంతోషి రోజూ బస్సెక్కి నా బడికే వస్తుంది కదా. రాత ముత్యాల్లా ఉంటుంది. పైకి చదవమంటే మాత్రం గొంతు పెగలదు. ఒకసారి తడబడితే పక్కవాళ్లు నవ్వారట. అప్పటి నుంచి తన వంతు వచ్చినప్పుడల్లా కడుపునొప్పే. పోయిన వారం నా దగ్గరికొచ్చి, "టీచర్, నేను బడి మానేస్త. రాసుడైతే ఎంతైనా రాస్త, సదువుమనకున్రి" అంది. నా ప్రాణం ఉసూరుమంది.

అప్పుడు బతుకమ్మ దగ్గర నువ్వనే మాట గుర్తొచ్చింది. "పాట ఎత్తేటోళ్లదేముంది బిడ్డా, అందుకునేటోళ్లుంటే గొంతు దానంతట అదే లేస్తది." పిల్లల్ని గుండ్రంగా నిలబెట్టి, ఏం చేయాలో బోర్డు మీద రాశాను. సంతోషి ఒక్కో వాక్యం చదవాలి, మిగిలినవాళ్లు చప్పట్లు కొట్టి "ఉయ్యాలో" అనాలి. మగపిల్లలు ముందు కిసకిస నవ్వినా, తర్వాత అందరికన్నా గట్టిగా వాళ్లే అందుకున్నారు. ఆ "ఉయ్యాలో" సందులో పిల్లకు ఊపిరి తీసుకునే వీలు దొరికింది, ముందున్న మాట చూసుకునే వీలూ దొరికింది. పాఠంలో తప్పిపోయిన మేకపిల్ల దొరికేసరికి ఆమె గొంతులో నిజంగానే సంబరం వినిపించింది. నాకు ఏడుపొచ్చింది.

ఇక దాచిన మాట. అందరం బాగున్నామని పైన రాసింది పూర్తి నిజం కాదు. నా గొంతులో చిన్న కాయ లేచిందని ఉప్పల్ దవాఖానాలో చెప్పారు. ప్రమాదమేం లేదట, కానీ నెల రోజులు నోరు మెదపకూడదు. ఫోన్ ఎత్తి ఏం మాట్లాడను? వచ్చి నీ ముందు మూగగా కూర్చుంటే నువ్వు తట్టుకోలేవు. నీకు చెప్పొద్దని సంతోషికీ రాసి చూపాను. నీ అల్లుడికైతే ఇల్లు ఇంత హాయిగా ఎప్పుడూ లేదట. నోరొచ్చాక చెబుతా ఆయన పని.

నీకు చదువు రాదు, నాకు గొంతు లేదు. అందుకే ఈ ఉత్తరం సంతోషి చేతికిచ్చి పంపుతున్నాను. ఇప్పుడు నీకు చదివి వినిపిస్తున్నది ఆమే. తన సంగతి తనే చదువుతూ సిగ్గుపడి ఉంటుంది, దవాఖానా మాట దగ్గర తడబడి ఉంటుంది. తొందరపెట్టకు. ఆమె ఆగిన చోట నువ్వు "ఉయ్యాలో" అను.

ఇట్లు,
నీ పాట అందుకుంటూ పెరిగిన చిన్నబిడ్డ
ప్రవీణ