కుర్చీ మీద నీ కోటు

చెల్లాయికి,

అక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ నీ కూతురూ దేవుడి దయవల్ల బాగానే ఉన్నాం. నీ క్షేమం నీ చేతిరాతే చెప్పింది. పోయిన ఉత్తరంలో అక్షరాలు నిద్ర లేనట్టు ఒకవైపు వాలిపోయాయి. ఈసారి నిటారుగా నిలబడ్డాయి. నువ్వు పనిచేసే సొరంగం క్యాంపు ఆసుపత్రిలో జ్వరాలు తగ్గాయన్నమాట.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు రాస్తాను. చివరి ప్రశ్నకు చివర్లోనే రాస్తాను. ముందే ఆఖరి పేరా చదివి తర్వాత పైకి రాకు. నీ సంగతి నాకు తెలుసు.

నా మోకాలు నయం. మా డ్రైక్లీనింగ్ షాపులో ఇస్త్రీ బల్ల దగ్గర ఎత్తు స్టూలు వేయించారు. కూర్చునే పని చేస్తున్నాను. వంటగది కొళాయి ఇంకా కారుతూనే ఉంది. ప్లంబరును పిలుస్తానంటే నీ పిడుగు ఒప్పుకోలేదు. "ఆ చప్పుడు నాక్కావాలి పెద్దమ్మా, రికార్డు చేసుకున్నాక బాగుచేయించు" అంది. తింటోందా అని అడిగావు. తింటోంది. ఒక కన్ను కంచంలో, ఒక కన్ను లాప్‌టాప్‌లో.

నేను సినిమాలో హంతకురాలి వేషం వేశానని మన ఉత్తరాలు మోసే మీ సరుకుల బండి డ్రైవరు చెప్పాడని రాశావు. అతనికి నోరాగదు. అది సగం నిజం. నేను అనుమానితురాలిని. హంతకురాలు ఎవరో తీసినవాళ్లకే తెలియదు. ఎందుకంటే ఆ సినిమా లేదు. లేని సినిమాకు ట్రైలర్ తీయమని పిడుగు చదివే సినిమా కాలేజీలో వాళ్ల మాస్టారు చెప్పారు. చూడగానే ఇది నేరం కథ అని జనం పోల్చుకోవాలట. అలా పోల్చుకునేలా చేసే పద్ధతులు కొన్ని ఉంటాయట. అవన్నీ వాడాలి, అయినా పాతగా ఉండకూడదు. పెళ్లి కావాలి, పెళ్లికొడుకు వద్దు అన్నట్టుంది అన్నాను. "అదే పరీక్ష పెద్దమ్మా" అంది.

ఆ పద్ధతులన్నీ ఇప్పుడు నాకు కంఠతా వచ్చాయి. వెలుతురు ఒక పక్కనుంచే పడాలి. కిటికీ పట్టీల నీడలు ముఖం మీద చారలుగా రావాలి. మనుషుల కంటే చేతులు, బూట్లు, తలుపు గడియలు ఎక్కువ కనిపించాలి. మొదట్లో నిదానంగా నడిచి, పోనుపోను బొమ్మలు తొందరతొందరగా మారిపోవాలి. తర్వాత చీకటి. అప్పుడు సినిమా పేరు పడాలి. పేరు పడ్డాక, అయిపోయిందనుకుని జనం లేవబోతుంటే, ఇంకొక్కటి. ఒక చూపో, ఒక మాటో. దానితో వాళ్లు ఉలిక్కిపడాలి.

నాకూ దానికీ ఒక్కచోటే తగువు వచ్చింది. తెల్ల చొక్కా మీద రక్తం మరక కావాలంది. రంగు కలిపి ఇస్తే ఎర్రగా పూసింది. రక్తం ఎండితే గోధుమరంగుకు తిరుగుతుందే, ఇన్నేళ్లుగా మరకలు వదిలిస్తున్నాను అన్నాను.

"నిజమే పెద్దమ్మా. కానీ గోధుమరంగు చూస్తే జనం టీ ఒలికిందనుకుంటారు. సినిమాలో రక్తం ఎర్రగానే ఉండాలి."

"అబద్ధం కదే."

"అందరికీ తెలిసిన అబద్ధం. దాన్ని అబద్ధం అనరు, పద్ధతి అంటారు."

ఓడిపోయాను. మరక ఎర్రగానే ఉంది, చూడగానే ఒళ్లు జలదరించింది.

డిటెక్టివ్‌గా కింది వాటా దర్జీ వేశాడు. పొడుగు కోటు కుట్టిమ్మంటే, "కోటు నాది కాబట్టి వేషమూ నాదే" అని పట్టుబట్టాడు. కెమెరా పట్టుకున్నది పిడుగు స్నేహితురాలు, తాటిచెట్టంత పొడుగు పిల్ల. నడవండి అంటే దర్జీ నడవడు, ప్రశ్నలు వేస్తాడు.

"ఇంతకీ చేసిందెవరో నాక్కూడా చెప్పవా అమ్మాయ్? డిటెక్టివ్‌ని నేనే కదా."

"డిటెక్టివ్‌కి చివర్లో తెలుస్తుందండీ. మనం తీస్తున్నది మొదలే" అంది పిడుగు.

"మరి మీ పెద్దమ్మగారి మీద అనుమానం ఎందుకు?"

"ట్రైలర్‌లో ఎవరిమీద ఎక్కువ అనుమానం వస్తుందో వాళ్లు చెయ్యరు. అదీ పద్ధతే."

"అయితే అక్కగారూ, మీకేం భయం లేదు" అన్నాడు నాతో. నవ్వాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి మెడమీదికి పోయింది. ఎందుకో తర్వాత రాస్తాను.

కథ నువ్వు అడగలేదు. చెబుతాను. ఒక ఇంట్లో ఒకావిడ కనిపించకుండా పోతుంది. ఆమెకోసం అందరూ వెతుకుతారు. ఆమె ముఖం ఎక్కడా చూపించరు. ఖాళీ కుర్చీ, దానిమీద ఆమె కోటు, ఆమె గొంతు. అంతే. ఆ ఇంట్లోనే ఉండిపోయిన అక్క మీద అందరికీ అనుమానం.

కుర్చీ మనింటిదే. కోటు నీది, గోధుమరంగుది, నువ్వు క్యాంపుకు వెళుతూ బీరువాలో వదిలేసింది. దాన్ని ఏటా మా షాపులో శుభ్రం చేయించి కవరు తొడిగి పెడుతున్నాను. పిడుగు కవరు తీసి కోటులో ముఖం దాచుకుంది. "అమ్మ వాసన" అంది. అది మా షాపు మందు వాసన చెల్లాయ్. నా ఒంటికీ చేతులకూ రోజూ ఉండే వాసనే. కవరు మడిచి పక్కన పెట్టాను.

కుర్చీ మీద కోటు ఎలా వేయాలి, భుజం ఎంత జారాలి, వెలుతురు ఏ మూలనుంచి రావాలి అని ఆ పిల్లలిద్దరూ పొద్దంతా తంటాలు పడ్డారు. నా వంతు వచ్చేసరికి, "నువ్వలా నిలబడు పెద్దమ్మా, సగం ముఖం చీకట్లో ఉంటే చాలు" అన్నారు. రెండు నిమిషాల్లో అయిపోయింది. మనిషి లేని కోటుకు పెట్టిన లైటు, ఎదురుగా ఉన్న మనిషికి పెట్టలేదు.

ఆ కోటును చేతిలోకి తీసుకుని చూడమన్నారు. ముఖంలో ఏమీ చూపించొద్దు, మనసులో ఏదో ఒకటి అనుకో అన్నారు. అనుకున్నాను. ఐదేళ్లుగా పిడుగు జ్వరాలకు తడిగుడ్డ వేసింది నేను. పరీక్షల పొద్దుల్లో లేపింది నేను. వాళ్ల నాన్న పోయాక ఇది మాటలు మానేస్తే, మళ్లీ మాట్లాడేదాకా పక్కన కూర్చున్నది నేను. కథ మాత్రం వెళ్లినవాళ్లకే ఉంటుంది. నువ్వు కడుపు మాడ్చుకుని కొండల్లో పడి ఉన్నది దీని చదువు కోసమేనని నాకు తెలుసు. తెలిసే అనుకున్నాను. ఆ షాట్ చూసి వాళ్ల మాస్టారు, "ఈ నటిని ఎక్కడ పట్టుకొచ్చావు?" అని అడిగారట. నాకు నటన రాదు చెల్లాయ్.

దాన్ని అసూయ అంటారు. ప్రార్థనకు కూర్చుంటే కళ్లముందుకు నీ కోటే వచ్చేది. దేవుడికి చెప్పుకోవడానికి కూడా నామోషీ వేసి, ఇంట్లో కరువు లేదు, అందరూ బాగున్నారు అని చెప్పి లేచేదాన్ని.

ఇక నీ చివరి ప్రశ్న. "సినిమాలో నాకేదో పని ఇస్తానని పిడుగు ఫోనులో అంది, వివరం పెద్దమ్మ రాస్తుంది అంటుండగానే లైను తెగిపోయింది. తర్వాత క్యాంపు ఫోను పాడైంది. నీ ఉత్తరాల్లో ఆ ఊసే లేదు. దానికి నాతో అవసరం తీరిపోయిందేమో అక్కా. ఇక్కడ ఇంకో రెండేళ్లకు ఒప్పందం రాయమంటున్నారు. నీ జవాబు చూసి సంతకం పెడతాను" అని రాశావు.

దాని అవసరం తీరలేదు. నేనే నీకు రాయలేదు.

అది నిన్ను అడగమన్నది రెండు ముక్కలు. కనిపించకుండా పోయిన ఆవిడ గొంతు. "నన్ను వెతకొద్దు. నేనే వస్తాను." ఇది నువ్వు చెప్పి, మెమరీ కార్డులో రికార్డు చేసి, డ్రైవరు చేతికి ఇచ్చి పంపాలి. అతను షాపుకే కదా వచ్చేది, ఇంటికి రాడు. నీకు రాయమని నాతో చెప్పింది. రాస్తానన్నాను. ఆ వారం నీకు ఉత్తరం రాస్తూ మోకాలి గురించి రాశాను, అద్దె గురించి రాశాను, ఇది మాత్రం రాయలేదు. మర్చిపోయి కాదు. కోటు చాలదా, గొంతు కూడానా అనిపించింది. తర్వాత దానితో, "అమ్మకు తీరిక లేదట, జ్వరాలు ఎక్కువగా ఉన్నాయట" అన్నాను.

అది ఏడవలేదు, అలగలేదు. "సరేలే" అంది. మర్నాడు కెమెరా సంచి సర్దేసి, కథ మార్చేస్తాం అంది. దాని ముఖం చూశాక నాకు భయం పట్టుకుంది. వాళ్ల నాన్న పోయినప్పటి ముఖం అది. నీకు రాసి, నువ్వు పంపి, అది చేరేసరికి వాళ్ల గడువు దాటిపోతుంది. అప్పుడు నాకు తోచింది ఒక్కటే.

మనిద్దరి గొంతూ ఒకటే కదా. నాన్న పక్కగదిలోంచి పిలిస్తే ఎవరు పలికారో తెలియక, "ఎవరైతేనేం, నీళ్లు తెండి" అనేవాడు. షాపు వెనకగదిలో, వేలాడే కోట్ల మధ్య నిలబడి నా ఫోనులో ఆ రెండు ముక్కలూ చెప్పాను. ఫోన్ల షాపు అతను కార్డులోకి ఎక్కించి ఇచ్చాడు. "అమ్మ ఎలాగో తీరిక చేసుకుని పంపిందే" అని పిడుగు చేతిలో పెట్టాను. ఒక అబద్ధం కప్పడానికి ఇంకొకటి. రక్తం మరక మీద ఇంకు పోసినట్టు.

అది హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నది. మళ్లీ విన్నది. అన్నానికి పిలిస్తే వేలు చూపించి ఆగమంది. కళ్లు మూసుకుని, మోకాళ్లు దగ్గరకు లాక్కుని, "నేనే వస్తాను" అనే ముక్క దగ్గరికే మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పుకుంది. నా గొంతుకు అది ఏనాడూ అలా చెవి ఒగ్గలేదు. లే, తిను, తలుపేసుకో అని రోజూ చెప్పేదీ అదే గొంతు. నీ పేరు తగిలేసరికి దానికి విలువ వచ్చింది. నా గొంతు మీద నాకే అసూయ కలిగింది చెల్లాయ్. నువ్వు నవ్వుకున్నా ఫర్వాలేదు, నేనింకా నవ్వలేదు.

దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను.

కాలేజీలో ట్రైలర్ వేసిన రోజు నన్నూ దర్జీనీ పిలిచారు. ముందు వరసలో కూర్చోబెట్టారు. కొళాయి చుక్క పడింది. కుర్చీ, కోటు. నీ గొంతు, అంటే నాది. దర్జీ కోటు కాలరు ఎత్తుకుని నడిచాడు, పక్కనుంచి "అది నేనే" అని నాతోనే చెప్పాడు. బొమ్మలు పరుగెత్తాయి. నా సగం ముఖం వచ్చినప్పుడు వెనకెవరో "ఈవిడే చంపింది" అన్నారు. చీకటి. పేరు పడింది. చప్పట్లు మొదలయ్యాయి. అప్పుడు, తెర నల్లగా ఉండగానే, చెవిలో చెప్పినంత మెల్లగా ఒక్క మాట వినిపించింది.

"దేవా."

చప్పట్లు ఆగిపోయాయి. ఏ పని మొదలుపెట్టినా నోట్లో ఆ మాట అనుకోవడం నాకు అలవాటు. నీకు లేదు. ఆ రోజు కోట్ల మధ్య ఫోను నొక్కాక, మొదటి ముక్క చెప్పేముందు అన్నాననుకుంటా. నాకే వినపడలేదు. దాని హెడ్‌ఫోన్స్‌కి వినపడింది. కోసిపారేయకుండా, తెచ్చి చివర్న పెట్టింది.

ఇంటికి నడిచి వస్తూ అడిగాను.

"ఆ మాట ఎందుకు పెట్టావే?"

"చేసినవాళ్ల ముఖం ట్రైలర్‌లో చూపించకూడదు పెద్దమ్మా. ఒక ఆనవాలు వదలాలి. తెలిసినవాళ్లకే తెలియాలి."

"నీకెప్పుడు తెలిసింది?"

"వినగానే అనుమానం వచ్చింది. అమ్మ ఉండేది సొరంగం తవ్వేచోట. చుట్టూ అంత నిశ్శబ్దం ఎక్కడిది? తర్వాత 'దేవా' దొరికింది."

"మరి అన్నిసార్లు ఎందుకు విన్నావు?"

"కళ్లు మూసుకుంటే అమ్మలాగే ఉంది" అంది. తర్వాత నా సంచి తను అందుకుని, "నువ్వెప్పుడూ ఇక్కడే ఉంటావు పెద్దమ్మా, నిన్ను వెతకాల్సిన పని నాకెప్పుడూ రాలేదు" అంది.

అది పొగడ్తో దెప్పుపొడుపో ఇప్పటికీ తేల్చుకోలేదు. రెండూ అనుకుంటున్నాను. ఎందుకు చేశావని అది అడగలేదు. "అమ్మకు నువ్వే రాస్తావు కదా" అని మాత్రం అంది. రాస్తున్నాను.

అసూయ పోయిందని రాయను. ఇంకొక అబద్ధం ఎందుకు. నువ్వు సంతకం పెడితే పిడుగు ఇంకో రెండేళ్లు నాదే, ఆ మాట నేను ఈ ఉత్తరం మొదలుపెట్టేముందు కూడా అనుకున్నాను. ఈసారి దేవుడికి ఉన్నదున్నట్టు చెప్పాను. చెప్పాకే కలం పట్టాను.

కాలేజీలో ఏడాది చివరి ప్రదర్శనలో ఆ ట్రైలర్ మళ్లీ వేస్తారట. నీ గొంతు పెట్టుకోవడానికి చోటు అలాగే ఉంచింది. ఆ రెండు ముక్కలూ చెప్పి పంపు. నా పేరున వద్దు, దాని పేరునే పంపు. డ్రైవరును ఇంటికే రమ్మని చెప్పు. వెనక సొరంగం చప్పుడు పడినా ఫర్వాలేదట, పడితేనే మంచిదట. చివర్న నా మాట మాత్రం తీయనంది. అది లేకపోతే ట్రైలరే కాదట.

రెండో ముక్క ఊరికే చెప్పకు. నిజంగా రావాలనుకుంటేనే చెప్పు. ఆ ఒప్పందం మీద సంతకం పెట్టకు.

నీ కోటుకు మళ్లీ కవరు తొడగలేదు. మా షాపు వాసన పోయేదాకా కిటికీ దగ్గర గాలికి వేలాడదీశాను. నువ్వు వచ్చి తొడుక్కునేసరికి దానికి ఏ వాసనా ఉండదు.

ఇట్లు,
నిన్నూ నీ కూతుర్నీ దేవుడికి అప్పగిస్తూ,
నీ అక్క