గౌరి నెమరు చప్పుడు

ప్రియమైన సీనన్నకు,

నీ చెల్లెలు సుజాత నమస్కారాలు. నువ్వు, వదిన, నాయన, మన ఆవు గౌరి అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నాయనను పాకాలకు తీసుకెళ్లి కళ్లు చూపించావా? ఢిల్లీలో నేను బాగానే ఉన్నాను, దిగులు పడొద్దు. చలి మాత్రం ఎముకలు కొరుకుతోంది. సంగటికి ప్రాణం లాగుతోంది, కాస్త రాగిపిండి పంపు.

కొత్త యంత్రం కనిపెట్టినవాళ్లకు దానిమీద పేటెంటు హక్కు కోసం దరఖాస్తు రాసిపెట్టడం మా లాయర్ల ఆఫీసు పని. నేను కృత్రిమ మేధ చదివాను కాబట్టి ఆ రకం ఫైళ్లు నా బల్లకే వస్తాయి. పోయిన వారం ఒకటి వచ్చింది. దాని సంగతి బయట చెబితే నా ఉద్యోగం పోతుంది. అయినా రాస్తున్నాను.

ఆవు నెమరు వేసే చప్పుడు విని జబ్బును ముందే పసిగట్టే యంత్రమట. మనిద్దరం చేసిన యంత్రం కూడా ఇదే కదా అనుకున్నాను. నమూనాగా పెట్టిన రికార్డింగు విన్నాను. వెనకనుంచి ఒక గొంతు, "ఏయ్ గౌరీ, ఇట్ల తిరగమ్మా, సారు రికార్డు చేస్తా ఉండాడు" అంది. అన్నా, అది నీ గొంతు. సారంటే మన యంత్రం చూస్తానని ఇంటికి వచ్చిపోయే ఆయనే. కనిపెట్టినవాళ్లుగా మన పేర్లు మాత్రం ఫైల్లో ఎక్కడా లేవు. పెద్ద లాయరుకు చెబితే, ఫైలు వేరేవాళ్లకిచ్చి నన్ను నోరు మూసుకోమన్నారు. అప్పటినుంచి ఆఫీసులో ఎవరూ నాతో సరిగా మాట్లాడటం లేదు.

పాల కేంద్రం ముందు టెంకాయ కొట్టి మన యంత్రాన్ని ఊరందరికీ చూపించావని నిన్ను తిట్టాను. ఇప్పుడు అదే మనకు దిక్కు. ముందే నలుగురూ చూశారని తేలితే, అది కొత్తదని వాళ్లు అనలేరు, హక్కూ రాదు. అందుకే "ఎవరికీ చూపలేదు" అని నీ చేత సంతకం పెట్టించుకోవాలని చూస్తారు. పెట్టొద్దు. ఆ సారు ఎంత మంచిగా మాట్లాడినా పెట్టొద్దు.

ఫోన్‌లో చెబుదామంటే స్పీకర్ పెట్టి అందరికీ వినిపిస్తావు. మెసేజ్ పెడదామంటే, రికార్డింగులంటూ నీ ఫోన్ ఎప్పుడూ ఆ సారు చేతిలోనే ఉంటుంది.

ఇది రాస్తుండగానే నువ్వు ఫోన్ చేశావు. "సుజీ, స్పీకర్లో పెట్టినా. సారు ఈడనే ఉండాడు, ఏందో కాగితం తెచ్చినాడు. ఒక నమస్కారం సెప్పు" అన్నావు. నాకు భయమేసింది. "తిన్నావా అన్నా?" అని మాత్రం అడిగి పెట్టేశాను.

నన్ను నేనే తిట్టుకుని తిరిగి ఫోన్ చేశాను. ఆ సారే ఎత్తాడు. "మా ఫైలు మీరే చూశారట కదా, సుజాతగారూ" అన్నాడు.

సంతకం పెట్టేసి ఉన్నా, ఆ రోజు టెంకాయ ముక్క తిన్నవాళ్లందరినీ గుర్తు తెచ్చుకో, వాళ్లే మనకు సాక్షులు. నాయనకు, వదినకు నా దండాలు. నన్ను దీవించు.

నీ చెల్లెలు,
సుజాత

ఈ ఉత్తరం నువ్వొక్కడివే చదువు. పైకి చదవొద్దు అన్నా.