నా పుస్తకంలో ఏడో అధ్యాయం

మా పిడుగుకి,

నాన్న మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ ఆరోగ్యంగా ఉన్నావనీ, వేళకి తింటున్నావనీ నమ్ముతున్నాను. రుజువు లేకుండా నేను నమ్మేది ఇదొక్కటే.

నీ ప్రశ్నలకి వరసగా జవాబులు. అమ్మ నడుంనొప్పి తగ్గింది. బరువులు ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు కాబట్టి రోజూ ఎత్తుతోంది. బడిలో లెక్కలు చెప్పడం మానెయ్యమంటే, "మీరు కాలేజీలో తత్వం చెప్పడం మానండి, నేనూ మానేస్తా" అంటోంది. నా గది కప్పు ఇంకా కారుతోంది, కింద బకెట్ పెట్టాం. అవును, ప్రతి ఆదివారం చర్చిలో పూజకి వెళ్తున్నాను, నీకోసం ప్రార్థిస్తున్నాను. నువ్వు గుడి మానేశావని నేనూ మానను. పుస్తకం అచ్చుకి వెళ్ళింది. ఇక నీ ఆఖరి ప్రశ్న ఉందే, దానికి కాస్త ఆగి వస్తాను.

ముందు నా కడుపుమంట విను. పోయిన వారం మా శాఖలో సదస్సు. "సత్యం తర్వాత ఏమిటి?" అని పెద్ద బ్యానరు కట్టారు. సత్యం ఎప్పుడు పోయిందో, నాకైతే కబురు అందలేదు. పొద్దుటినుంచీ ఒకడి పుస్తకం మీద ఇంకొకడు రాసిన పుస్తకం గురించి మూడోవాడు రాసుకొచ్చింది చదువుతూనే ఉన్నారు. చెప్పింది నిజమేనా అని ఒక్కడంటే ఒక్కడు అడగడే! ఏ కోణం, ఏ కాలం, ఎవరి గొంతు, అంతే. ఉండబట్టలేక లేచి, "అయ్యా, ఈ బల్ల ఇక్కడ ఉందా, లేదా?" అన్నాను. మా శాఖాధిపతి చిరునవ్వు నవ్వి, "ఎవరికి, మాస్టారూ?" అన్నాడు. "మోకాలికి తగిలినవాడికి" అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వించడానికి లేవలేదమ్మా.

ఇన్నేళ్ళుగా మొత్తుకుంటున్నది ఒకటే. తెలుసుకోవడమంటే మనకన్నా పెద్దదాని ముందు తల వంచడం. మోకరించడం రానివాడికి ఆలోచించడమూ రాదు. వీళ్ళు దేన్నీ నమ్మనిది తెలివి ఎక్కువై కాదు, నమ్మితే రేపు దానికి కట్టుబడి బతకాలన్న భయంతో. ఈ మాటంటే నాకు చాదస్తమంటారు. రోములో ఒకరు చాలరన్నట్టు, వెనకాల నన్ను "చిన్న పోపుగారు" అని పిలుచుకుంటారట. అననీ. చెవిటివాళ్ళ ముందు శంఖం ఊది ఊది నా గొంతే పోయింది. అందుకే ఆ కసంతా పుస్తకంలో తీర్చుకున్నాను.

సరే, ఇంకెంతసేపు దాటేస్తాను? "నాన్నా, నా వ్యాసం చదివావా? ఈసారీ లేదంటే ఇక నీకు ఉత్తరం రాయను" అన్నావు. చదివాను తల్లీ. ఎప్పుడు చదివానన్నదే గొడవ.

అది వచ్చిన రోజు మొదటి పేజీ చూశాను. సత్యమంటే మనుషులు తమలో తాము కుదుర్చుకున్న ఒప్పందం అని ఉంది. ఒళ్ళు మండిపోయింది. నా ఒళ్ళో కూర్చుని అక్షరాలు దిద్దిన పిల్ల రాసేది ఇదా! విసిరి అవతల పడేశాను. ఆ కోపంలోనే ఏడో అధ్యాయం రాశాను. నీ పేరు పెట్టలేదు, "ఒక యువ పండితురాలు" అని మాత్రం అన్నాను. చీల్చి చెండాడాను. భలే వచ్చిందని మురిసిపోయాను కూడా.

ప్రూఫులు నేనే దిద్ది పంపేశాక, ఇంట్లో మిగిలిన ప్రతిని మీ అమ్మ చదివింది. నీ వ్యాసం తను ఎప్పుడో చదివేసింది. అన్నం దగ్గర అడిగింది.

"ఏడో అధ్యాయంలో తిట్టింది ఎవర్ని?"

"ఎవర్నైతేనేం?"

"మన పిల్లనైతే, అది అనని మాటకి తిట్టారు. రెండో పేజీ తిప్పారా అసలు?"

చెయ్యి కడుక్కుని తిప్పాను. మొదటి పేజీలో ఉన్నది నీ మాట కాదు, నువ్వు ఖండించబోయేవాళ్ళ మాట. ఎదుటివాడి వాదం వాడికన్నా బాగా చెప్పు, ఆ తర్వాతే నీ నోరు విప్పు అని నీకు నేర్పిందెవరు? మన పాత గురువులంతా అలాగే రాశారు. నువ్వూ అలాగే రాశావు. ఆ పద్ధతి ఎరగనివాడు పొరబడ్డాడంటే సరే. నేర్పినవాణ్ణి నేనే పొరబడ్డాను! రెండో పేజీనుంచి ఆ మాటని నాకన్నా గట్టిగా ఖండించావు.

పోనీ అక్కడితో ఆగావా? చివర్లో నాలాంటివాళ్ళ మీద పడ్డావు. దేవుడి ముందు మోకరిస్తారు గానీ, మనిషి మాట్లాడుతుంటే లేచి వెళ్ళిపోతారు అన్నావు. కోపమొచ్చింది. ఇప్పటికీ ఉంది. తప్పని రుజువు చేద్దామని కలం పట్టుకు కూర్చున్నాను. ఎదురుగా నా ఏడో అధ్యాయమే ఉంటే ఇంకేం రాయను?

ప్రెస్సుకి పరిగెత్తాను. "అచ్చయిపోయింది సార్, బైండింగు నడుస్తోంది" అన్నాడు. చేసిన తప్పు చెప్పుకుందామని పాపసంకీర్తనానికి వెళ్తే, ఫాదర్ గారు దేవుడి పేర క్షమించి, "ఈ ముక్క అమ్మాయితో చెప్పారా?" అన్నారు. చెప్పలేదు. ఇదిగో, చెబుతున్నాను. నిన్ను చదవకుండా నీ మీద తీర్పు రాశాను. సిగ్గుగా ఉంది తల్లీ.

ఆవిష్కరణ సభ వచ్చే నెల మొదటి ఆదివారం సాయంత్రం. వక్తల్లో శాఖాధిపతి పేరు తీయించి నీ పేరు వేయించాను. నిన్ను అడక్కుండానే వేయించాను, అది కూడా నా తప్పుల్లో కలుపుకో. రా. ఆ అధ్యాయం జనం ముందు నేనే చదువుతాను. ఆ పండితురాలు ఎవరో, నిజంగా ఏమందో కూడా నేనే చెప్పి కూర్చుంటాను. తర్వాత నువ్వు లే. ముసలాడు కదా అని జాలిపడి మెత్తగా మాట్లాడకు. నువ్వు ముగించేదాకా నేను కుర్చీలోంచి లేవను.

ఇట్లు,
నిన్ను చదవకుండానే తిట్టిన
మీ నాన్న