ఆరింటి వార్తలకు ముందు

హడర్స్‌ఫీల్డ్, మంగళవారం

అమ్మా, నేనూ పిల్లలూ బాగానే ఉన్నాం. ఈ కార్డు పోస్ట్‌మాన్ చదివితే చదవనీ, నిన్న దేశమంతా విన్న సంగతే.

సాయంత్రం టీ తాగుతూ రేడియో పెట్టాం. వార్తలకు ముందు, జాడ తెలియని బంధువుల కోసం ప్రకటనలు చదువుతారు కదా, అందులో విన్నాం: "పన్నెండేళ్లుగా ఆచూకీ లేని విల్‌ఫ్రెడ్ గార్‌సైడ్ వెంటనే గ్రిమ్స్‌బీ ఆసుపత్రికి రావాలి. ఆయన తల్లి ఏడా గార్‌సైడ్ ప్రాణాపాయ స్థితిలో ఉన్నారు."

"పాపం, అచ్చం నీ పేరే విల్ఫ్," అన్నాను.

మా ఆయన కప్పు కింద పెట్టాడు. "నేనే. పోట్లాడి వచ్చేశాను. అమ్మ చచ్చిపోయిందని నీతో చెప్పడమే తేలికనిపించింది."

వార్తలయ్యాక హాస్య కార్యక్రమం వచ్చింది. రేడియోలో జనం పగలబడి నవ్వుతున్నారు. కట్టేయడానికి ఇద్దరికీ చెయ్యి రాలేదు.

మా పెళ్లినాడు చర్చిలో పోయిందనుకున్న వాళ్లమ్మ కోసం ఖాళీ చోటు ఉంచి, తెల్లగులాబీలు పెట్టింది నువ్వే.

ఆయన పొద్దున బండికి గ్రిమ్స్‌బీ వెళ్లాడు. గురువారం నేనూ వెళ్తాను, పిల్లల దగ్గర ఉండడానికి రా. నాన్న దగ్గు తగ్గిందా? నాకు నీ కోటు కావాలి. నీలంది తే, చావులకు వేసుకునే నల్లది వద్దు. ఆవిణ్ణి ఒకసారి చంపాం, చాలు.

నాన్నకు నా ముద్దులు.
నీ ఈనిడ్